వెన్నులో మట్టి

సెప్టెంబరు మొదటి వారంలో ఒక పొద్దున బ్రహ్మచారి మంచం మీంచి లేవలేకపోయాడు. మోచేతులు ఆనించి చూశాడు, పక్కకు ఒరిగి చూశాడు, చివరికి భార్యను పిలిచాడు. విమలమ్మ ఒక రెక్క, కూతురు వసుధ ఒక రెక్క పట్టుకుని కూర్చోబెట్టేసరికి అతని బనీను తడిసి ముద్దయింది.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో పంపులూ మోటార్లూ బాగుచేసే దుకాణం నడుపుతాడు. బోర్లలోంచి మోటార్లు పైకి లాగడం, కాలిపోయినవాటికి మళ్లీ తీగ చుట్టి వైండింగ్ చేయడం, అపార్ట్‌మెంట్ల సంపుల్లోకి దిగి వాల్వులు మార్చడం అతని పని. ముప్పై ఏళ్లు బరువులెత్తిన నడుము పట్టేయడంలో ఎవరికీ వింత కనిపించలేదు. పదేళ్లుగా షుగరు ఉంది. మాత్రలు వేసుకుంటాడు గానీ చాయ్‌లో చక్కెర మానలేదు.

మెట్టుగూడలో వాళ్ల వీధి చివరున్న క్లినిక్‌లో నొప్పికి సూది వేశారు. రెండు రోజులు తగ్గింది, మూడో రోజు మళ్లీ మొదలైంది. ఈసారి వసుధ ఆఫీసుకు సెలవు పెట్టి, సికింద్రాబాద్‌లో పేరున్న ఎముకల డాక్టరు రామభద్రరావు దగ్గరికి తీసుకెళ్లింది. టోకెన్ నంబరు నలభై మూడు. రెండున్నర గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. ఆయన మర్యాదస్తుడు. లేచి వచ్చి బ్రహ్మచారి నడుమును వేళ్లతో నొక్కి చూశాడు, కాళ్లు ఒక్కొక్కటీ పైకెత్తించాడు, ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి చూశాడు.

"అరుగుదలండీ. ఈ వయసులో, మీరు చేసే పనిలో మామూలే. బెల్టు పెట్టుకోండి, మూడు వారాలు ఫిజియోథెరపీ చేయించండి."

"సాయంత్రమైతే జరం సుత వస్తుంది సార్," అంది వసుధ.

"ఈ సీజన్లో ఎవరికి రావట్లేదమ్మా?" అని ఆయన మందుల చీటీ అందించాడు.

ఫిజియోథెరపీలో ఒక అమ్మాయి అతని మోకాళ్లను ఛాతీ దాకా వంచేది. బ్రహ్మచారి పళ్లు బిగబట్టేవాడు. "కొంచెం ఓర్చుకోవాలి అంకుల్, భయపడితే ఎట్లా," అనేదామె. వారం గడిచేసరికి ఆ బల్ల ఎక్కాలంటేనే అతనికి వణుకు వచ్చేది. సాయంత్రం ఆరు కాగానే ఒళ్లు కాలేది. తెల్లారేసరికి దుప్పటి తడిసేది. క్లినిక్‌లో జ్వరానికని అయిదు రోజులు సూదులు పొడిస్తే అది పోయింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. పది రోజులకు తిరిగొచ్చింది. చేతి గడియారం మణికట్టు దాటి మోచేతి దాకా జారడం మొదలైంది.

"నేను నాటకం చేస్తున్ననా బిడ్డా?" అని అడిగాడొక రోజు, బెల్టు విప్పుతున్న వసుధను. "అందరు గట్లనే చూస్తున్నరు నన్ను."

వసుధ బెల్టు మడిచి పక్కన పెట్టింది. ఆమెకు ముప్పై ఒకటి. బేగంపేటలో ఒక కార్గో కంపెనీలో కాగితాల పని చూస్తుంది. పోయిన సరుకు ఎక్కడ పోయిందో, ఏ చేతి నుంచి ఏ చేతికి మారిందో వెతికి పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఏమీ పట్టుకోలేకపోతున్నానని ఆమెకు రోజూ అనిపించేది.

అక్టోబరు ఆఖర్లో ఎమ్మారై తీయించారు. నడుము దగ్గర రెండో పూసకూ మూడో పూసకూ మధ్య డిస్కు కరిగిపోయింది. పూసల అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. పక్కనున్న కండరంలో చీము పట్టింది. రామభద్రరావు ఫిల్ములు చాలాసేపు చూశాడు. ఈసారి ఆయన గొంతులో నిదానం తగ్గింది.

"ఇది టీబీ అమ్మా. వెన్నుకు వచ్చే టీబీ. జ్వరం, బరువు తగ్గడం, అన్నీ సరిపోతున్నాయి. భయపడనక్కర్లేదు, మందులున్నాయి."

"చీము తీసి పరీక్ష చేయాలె గదా సార్?"

"మన దగ్గర వెన్నులో ఇలా కనిపిస్తే దాదాపు అన్నీ టీబీయే. మళ్లీ సూదులూ, నొప్పీ ఎందుకు? మొదలుపెట్టేద్దాం."

ఆమె తలూపింది. తర్వాత ఎన్నోసార్లు ఆ తల ఊపిన క్షణాన్ని తలుచుకుని తనను తానే తిట్టుకుంది. కానీ ఆ రోజు మాత్రం రోగానికి ఒక పేరు దొరికిందన్న నిమ్మళమే ఎక్కువగా ఉంది.

టీబీ మాత్రలు పరగడుపున గుప్పెడు. మూత్రం నారింజ రంగులో వచ్చేది. తిన్నది నిలిచేది కాదు. విమలమ్మ జావ కాచి గ్లాసుతో పక్కన కూర్చునేది, అతను రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకునేవాడు. డెబ్భై రెండు కిలోల మనిషి డిసెంబరు నాటికి యాభై తొమ్మిదికి వచ్చాడు. జ్వరం మాత్రం వేళ తప్పలేదు. నెలకోసారి రామభద్రరావు దగ్గరికి వెళ్లడం, రెండు గంటలు కూర్చోవడం, లోపల మూడు నిమిషాలు మాట్లాడడం. "టైం పడుతుందమ్మా. ఎముకలో టీబీ మొండిది." ప్రతిసారీ అదే మాట. దుకాణం షట్టరు మూసే ఉంది. పాత గిరాకీలు ఫోన్ చేస్తే విమలమ్మే ఎత్తి, "జెర పానం బాగ లేదు, వచ్చే నెల తెరుస్తడు," అని చెప్పేది. ఆ వచ్చే నెల ఏదో ఆమెకూ తెలియదు.

జనవరిలో అతని కుడి పాదం ఈడ్చుకుపోవడం మొదలైంది. మళ్లీ ఎమ్మారై తీస్తే చీము రెట్టింపయింది. అప్పుడు గానీ సూదితో చీము తీయలేదు. అతన్ని బోర్లా పడుకోబెట్టి, స్కాన్ చేస్తూ నడుములోకి పొడవాటి సూది దించారు. గది బయట కూర్చున్న వసుధకు తండ్రి మూలుగు వినిపించింది. అతను అలా మూలగడం ఆమె అంతకుముందు వినలేదు.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. టీబీ పరీక్షలో టీబీ లేదని వచ్చింది. చీమును గిన్నెలో పెట్టి క్రిములను పెంచే కల్చర్‌లో మాత్రం ఏదో పెరిగింది. "సూడోమోనాస్ జాతి, బయటి నుంచి కలిసినది కావచ్చు" అని రాశారు. దాని కింద ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో పట్టిక.

రామభద్రరావు మొదటి గీత చదివి కాగితం పక్కన పెట్టాడు. "ఎముక టీబీలో ఈ పరీక్ష నెగటివ్ రావడం మామూలే. ఈ రెండోది చర్మం మీంచో, గిన్నెలోంచో కలిసి ఉంటుంది. వాళ్లే రాశారు కదా. మందులు ఆపొద్దు, ఇంకోటి కలుపుతాను."

"సార్, మూడు నెలల సంది మింగుతున్నడు. జరం ఒక్క రోజు తగ్గలే. చీము డబులైంది. కాలు లేస్తలేదు. ఇంకా టీబీయే అంటరా?"

"అమ్మా, నువ్వు ఇంటర్నెట్‌లో చదివి వస్తే నేనేం చెప్పగలను?"

ఆమె ఏమీ చదవలేదు. చదవడానికి ఏం వెతకాలో కూడా ఆమెకు తెలియదు. ఆ మాట అనబోయేలోపే నర్సు తర్వాతి టోకెన్ పిలిచింది.

మర్నాడు ఆఫీసుకు పోకుండా వసుధ ఆ రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌కు, ప్యాట్నీ సెంటర్ దగ్గరికి వెళ్లింది. కౌంటర్లో కూర్చున్నతను రిపోర్టు చూసి, "డాక్టర్‌కు చూపించండి మేడమ్," అన్నాడు.

"చూపించిన. కలిసిందని మీరే రాసిన్రు, పట్టించుకోవద్దని ఆయన అంటున్నడు. మీరేమో ఆయన్ని అడుగుమంటున్నరు. మరి నేనెవర్ని అడగాలె?"

అతను ఇబ్బందిగా లోపలికి చూశాడు. కల్చర్లు చూసే డాక్టరమ్మ మంగళ, శుక్రవారాలే వస్తుందని చెప్పాడు. అది బుధవారం. వసుధ శుక్రవారం మళ్లీ వెళ్లింది. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుంది.

డాక్టర్ ఎలీనాకు నలభై అయిదేళ్లుంటాయి. కళ్లజోడు నుదుటి మీదకు నెట్టుకుని, భోజనానికి వెళ్తూ వెళ్తూ నిలబడే ఆ కాగితం అందుకుంది. పట్టిక దగ్గరికి వచ్చేసరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది ఎవరైనా చివరిదాకా చదివారా?"

"డాక్టర్ సారు మొదటి లైన్ చదివిండు."

"చూడండి. జెంటామైసిన్ దీని మీద పనిచేయట్లేదు. కొలిస్టిన్ పనిచేయట్లేదు. అమాక్సిక్లావ్, గొంతు నొప్పికి ఇస్తామే, అది పనిచేస్తోంది. సూడోమోనాస్ అయితే దీనికి తలకిందులుగా ఉండాలి." ఆమె వేలు పట్టిక మీదే ఉంది. "ఇది మేం పట్టుకోవాల్సింది. నేను రాని రోజు రిపోర్టు వెళ్లిపోయింది. అయినా నా డిపార్ట్‌మెంటే."

అయిదు నెలల్లో ఒక మనిషి "మాది పొరపాటు" అనడం వసుధ వినడం అదే మొదటిసారి. ఆమెకు కోపం రావాల్సింది. దానికి బదులు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ నాన్నగారికి షుగరుందా? ఏం పని చేస్తారు? వానల్లో బురదలోకి, నిలవ నీళ్లలోకి దిగారా?"

వసుధ ఇంటికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. బ్రహ్మచారి మొదట పొడిపొడిగా జవాబిచ్చాడు. ఎలీనా వదల్లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతు అని అడుగుతూ పోయింది. అప్పుడతను జులై ఆఖరి వారం సంగతి చెప్పాడు. కార్ఖానాలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వాన నీళ్లు వచ్చాయి. సంపేదో, సెల్లార్ ఏదో తెలియకుండా ఒకటైపోయింది. ఛాతీ లోతు నీళ్లలో, ఎర్రమట్టి బురదలో రెండు రోజులు పనిచేశాడు. ఇనుప యాంగిల్ గీసుకుని పిక్క మీద చర్మం లేచిపోతే తువ్వాలు కట్టుకుని పని కానిచ్చాడు. మోటారు ఎన్ని హార్స్‌పవరో, పైపు ఎక్కడ పగిలిందో కూడా చెప్పాడు. ఎలీనా అడ్డం రాలేదు.

చివరికి అతనే ఆగి, "మేడమ్, గిన్ని నెలల్ల నా పని గురించి గిట్ల అడిగింది మీరొక్కరే," అన్నాడు.

మట్టిలో, నిలవ నీళ్లలో బతికే ఒక బ్యాక్టీరియా ఉందని, షుగరున్నవాళ్లకు గాయంలోంచో ఊపిరిలోంచో లోపలికి వెళ్తుందని, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, అరుదుగా వెన్నులో చీము పట్టిస్తుందని, చూడ్డానికి అచ్చం టీబీలా ఉంటుందని ఎలీనా చెప్పింది. మందు వేరు. టీబీ మాత్రలకు అది లొంగదు. అయితే ఇదంతా అనుమానమే. చీము పెంచిన ప్లేటును వారం దాటాక పారేశారు. మళ్లీ చీము తీయాలి. అన్నింటికన్నా ముందు ఆ ప్లేటును మామూలుగా బల్ల మీద తెరిచి చూసిన టెక్నీషియన్‌కు తాను ఫోన్ చేయాలని ఆమె గొణుక్కుంది. అది పీల్చినా ప్రమాదమేనట. ఒక చీటీ మీద సత్యదేవ్ అనే ఇన్ఫెక్షన్ల డాక్టరు పేరు, ఆసుపత్రి రాసిచ్చింది.

ఇంట్లో మళ్లీ సూది మాట ఎత్తగానే బ్రహ్మచారి గోడవైపు తిరిగాడు.

"ఒద్దు. ఇగ నన్ను పొడవనియ్య."

"ఒక్కసారి నాయినా. ఈసారి సరిగ చూస్తరు."

"పోయినసారి సుత గదే అన్నరు. తీసిన చీము చెత్తల పారేసిన్రంట. నువ్వే చెప్తివి. ఒకడు అరుగుదల అంటడు, అదే మనిషి టీబీ అంటడు, ఇంకొకామె మట్టి అంటది. నా నడుమేమన్న వాళ్లు పని నేర్చుకునే మోటారా?"

"నన్నేం చెయ్యమంటవు మరి? నీ తక్లీఫ్ చూసుకుంట కూసోవాల్నా?" వసుధ గొంతు పెరిగింది. "అయిదు నెలల సంది నేను తిరగని జాగ లేదు. ఒక్కరు సరిగ జవాబియ్యరు. ఇప్పుడు నువ్వు గూడ గిట్ల అంటే నేనేడికి పోవాలె?"

విమలమ్మ వంటింట్లోంచి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"మోటారు విప్పకుండ నువ్వెప్పుడన్న బాగు చేసినవా?" అంది మెల్లగా.

"కాలిన వాసన వస్తే విప్పకుండనే తెలుస్తది."

"తెలుస్తది. ఏ తీగ కాలిందో తెలుస్తదా?"

అతను గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "పోదాం తియ్యి," అన్నాడు చివరికి.

సత్యదేవ్ ఆసుపత్రిలో చేర్చుకుని చీము తీయించాడు, రక్తం కూడా మూడుసార్లు కల్చర్‌కు పంపాడు. తీసిన చీములో సగం ఎలీనాకు, సగం ఆసుపత్రి ల్యాబ్‌కు వెళ్లింది. నాలుగో రోజు క్రిములను గుర్తుపట్టే ఆసుపత్రి మిషను ఒక పేరు చెప్పింది. అది ఎలీనా చెప్పిన పేరు కాదు, దానికి దగ్గరి చుట్టం లాంటి మరొకటి. వసుధ ఆ కాగితం పట్టుకుని వరండాలో నిలబడిపోయింది. ఎలీనాకు ఫోన్ చేస్తే, ఆ మిషను ఈ రెండింటినీ తరచూ తికమకపడుతుందని, జన్యు పరీక్షకని ఒక పెద్ద పరిశోధన సంస్థకు పంపానని చెప్పింది.

"ఎన్ని రోజులు పడుతుంది మేడమ్?"

"వాళ్లు చెప్పట్లేదమ్మా. నేనూ రోజూ అడుగుతున్నా."

సత్యదేవ్ మాత్రం ఆగలేదు. రెంటికీ పనికొచ్చే సూది మందు ఆ రోజే మొదలుపెట్టించాడు. ఎనిమిది గంటలకొకటి. మొదటి వారం జ్వరం తగ్గలేదు. ప్రతి సాయంత్రం ఆరింటికి వసుధ థర్మామీటరు చూడడం, నూట రెండు అని చెప్పడం, విమలమ్మ తల తిప్పుకోవడం. ఇదీ తప్పేనా అని ముగ్గురికీ లోపల తొలుస్తోంది. తొమ్మిదో రోజు తొంభై తొమ్మిది ఉంది. వసుధ థర్మామీటరు విదిలించి మళ్లీ పెట్టింది. తొంభై తొమ్మిదే.

జన్యు పరీక్ష ఫలితం ఆ మరుసటి వారం వచ్చింది. ఎలీనా చెప్పిన పేరే, బర్ఖోల్డేరియా సూడోమాలై. జబ్బు పేరు మెలియాయిడోసిస్. టీబీ మాత్రలన్నీ ఆపేశారు. సూది మందు ఎనిమిది వారాలు సాగింది. చీము రెండుసార్లు గొట్టం వేసి తీశారు. ఏప్రిల్ మధ్యలో బ్రహ్మచారి చేతికర్ర పట్టుకుని ఇంటికి వచ్చాడు. తినడం మొదలుపెట్టాడు. అయితే ఒక పూస అప్పటికే కూలిపోయింది, మనిషి ఒక అంగుళం పొట్టివాడయ్యాడు. కుడి పాదం పూర్తిగా లేవడం లేదు. అక్టోబరులోనే చీము తీసి చూసుంటే ఇలా జరిగేదా అని వసుధ అడిగితే, "ఇంత దాకా వచ్చేది కాకపోవచ్చు," అన్నాడు సత్యదేవ్.

మే నెలలో ఒక రోజు వసుధ రామభద్రరావు దగ్గరికి వెళ్లింది. టోకెన్ తీసుకుంది, ముప్పై ఎనిమిది. మెట్టుగూడ నుంచి వస్తూ మెట్రోలో ఏమేం అనాలో అన్నీ వరసగా అనుకుంది. లోపలికి వెళ్లాక కాగితం మాత్రం బల్ల మీద పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో నేను ఇలాంటిది ఒక్కటి కూడా చూడలేదమ్మా."

"చూసే ఉంటరు సార్. పేరు పెట్టి ఉండరు."

ఆయన మొహంలో రంగు మారింది, కానీ కోప్పడలేదు. కాగితం ఆమె వైపు జరిపి, "నాన్నగారు ఎలా ఉన్నారు?" అన్నాడు.

"కర్రతోటి నడుస్తున్నడు."

"చాలా అరుదైన కేసు. మా డాక్టర్ల మీటింగులో చెప్పాలి. ఈ రిపోర్టు కాపీ ఒకటి ఇస్తావా?"

వసుధ మెట్రోలో అనుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు నోటికి రాలేదు. "ఇస్త సార్. జరం వస్తుందని మొదటి రోజే చెప్పిన. చీము పరీక్ష చేయాలె గదా అని సుత అడిగిన. ఆ రెండు గూడ మీటింగుల చెప్పండి."

"చెప్తాను," అన్నాడాయన.

చెప్పాడో లేదో ఆమెకు తెలియదు. బయటికి వచ్చాక, ఇంకా గట్టిగా అడగాల్సిందని ఇంటి దాకా గొణుక్కుంటూనే ఉంది.

ఇప్పుడు బ్రహ్మచారి రోజూ పొద్దున దుకాణానికి వెళ్తున్నాడు. ఎత్తు స్టూలు మీద కూర్చుని వైండింగ్ ఒక్కటే చేస్తాడు. బోర్ల దగ్గరికి, సంపుల్లోకి వెళ్లడానికి వీల్లేదని సత్యదేవ్ ఖచ్చితంగా చెప్పాడు. తెలిసినవాళ్లు వచ్చి, "ఒక్కసారి వచ్చి చూడు చారీ, పైనుంచే చెప్పు," అంటే విసుక్కుంటాడు. పైనుంచి చూసి చెప్పే పనైతే తనెందుకు దిగేవాణ్నంటాడు.

సూదుల తర్వాత ఆరు నెలలు మాత్రలు వాడాలి. మొదటి నెలవి ఆసుపత్రిలోనే ఇచ్చారు. రెండో నెలకు తండ్రీ కూతుళ్లు మెట్టుగూడలో మందుల షాపుకు వెళ్లారు. షాపతను చీటీ చదివి వాళ్లను ఎగాదిగా చూశాడు.

"ఇది మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు, విరేచనాలకు వాడే గోలీ కదా. పూటకు రెండు డబుల్ స్ట్రెంత్ గోలీలు, రెండు పూటలా ఆరు నెలలా? రాసినోళ్లు ఏదో తప్పు రాసిన్రు. మళ్లీ అడిగి రండి."

వసుధకు ఒళ్లు మండింది. ఫోన్లో రిపోర్టులు వెతకడం మొదలుపెట్టింది. బ్రహ్మచారి ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. కర్ర కౌంటర్‌కు ఆనించి, రెండు చేతులూ అద్దం మీద పెట్టుకున్నాడు.

"తప్పు కాదన్నా. నాకొచ్చింది మెలియాయిడోసిస్. మట్టిల ఉంటది దాని పురుగు. వానకాలం బురదల దిగితే నడుములకు పోయింది. గీ గోలీకి పడతదది. నీకు తెల్వదు, తెల్వకుంటే తప్పు లేదు. రాసిన డాక్టర్ నంబర్ చీటీ మీదనే ఉన్నది, నువ్వే చేసి అడుగు. నేను ఈడనే నిలబడతా."

షాపతను ఒక క్షణం తటపటాయించి నంబరు నొక్కాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. వెనక ముగ్గురు గిరాకీలు చేరారు. వాళ్లలో ఒకామె తొందరగా కానివ్వమంది.

"కూసో నాయినా, కాలు నొస్తది," అంది వసుధ.

"కూసోను," అన్నాడు బ్రహ్మచారి.

మూడోసారి ఫోన్ ఎత్తారు. షాపతను చెవి దగ్గర పెట్టుకుని వింటూ, ఒక కాగితం ముక్క లాక్కుని, "సార్, ఆ పేరు ఒక్కొక్క అక్షరం చెప్తారా?" అని అడిగాడు.